సెంబెన్ దారా, మాంబెటి దారా: ఏది మేలు?

పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ సినిమా గురించి మాట్లాడుకునేవాళ్లు ఎక్కడో ఒకచోట రెండు జట్లవుతారు. ఒకటి ఉస్మాన్ సెంబెన్ జట్టు, రెండోది జిబ్రిల్ డియోప్ మాంబెటి జట్టు. ఇద్దరిదీ ఒకే దేశం, ఇద్దరికీ రాజధాని డాకర్ వీధులే కథల గని. అయితే దర్శకుడిగా బతికిన తీరులో మాత్రం పొంతనే లేదు. చేతిలో డబ్బు లేని చోట, థియేటర్లన్నీ ఫ్రెంచి కంపెనీల గుప్పిట్లో ఉన్న చోట సినిమా తీయాలంటే ఎవరి దారి మేలు? నా ఓటు సెంబెన్‌కే. కానీ మాంబెటి పక్షాన చెప్పాల్సింది కూడా చాలా ఉంది.

సెంబెన్ 1923లో జిగిన్‌షోర్‌లో ఒక జాలరి ఇంట పుట్టాడు. చదువు మధ్యలోనే ఆగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని మార్సే రేవులో కూలీగా మూటలు మోశాడు. యూనియన్‌లో తిరిగాడు, నవలలు రాశాడు. పేరైతే వచ్చింది గానీ, ఎవరి గురించి రాశాడో ఆ జనంలో ఎక్కువమందికి ఫ్రెంచి చదవడం రాదు. అందుకే నలభైకి దగ్గరపడ్డ వయసులో మాస్కో వెళ్లి, గోర్కీ స్టూడియోలో సినిమా నేర్చుకున్నాడు. సినిమా అంటే జనానికి రాత్రి బడి అని నమ్మాడు.

1963లో తీసిన ‘బోరోమ్ సారెట్’ ఇరవై నిమిషాల సినిమా. డాకర్‌లో గుర్రబ్బండి తోలుకునే మనిషి ఒక రోజు కథ. తెల్లవాళ్ల పేటలోకి బండ్లు రాకూడదు. ఒక పెద్దమనిషి నమ్మకంగా తీసుకెళ్తాడు, పోలీసు రాగానే జారుకుంటాడు. బండివాడి దగ్గర పాత యుద్ధ పతకం ఒకటి ఉంటుంది. అది కింద పడుతుంది, పోలీసు దాని మీద బూటు పెడతాడు. ఒక్క షాట్‌లో ఎంత చెప్పాడో చూడండి! ఫ్రాన్స్ కోసం యుద్ధం చేసి వచ్చిన మనిషికి స్వతంత్ర సెనెగల్లో దక్కిన మర్యాద అది.

1966 నాటి ‘లా నువార్ ద’లో డాకర్ నుంచి ఫ్రాన్స్ వెళ్లిన పనిమనిషి దియువానా మనసులోని మాటలు మనకు ఫ్రెంచిలో వినిపిస్తాయి. ఆ గొంతు కూడా నటి ఎంబిసిన్ తెరీజ్ డియోప్‌ది కాదు, హైతీ గాయని తోతో బిసాంత్‌ది. గొప్ప సినిమానే, కానీ ఆ పిల్ల తన భాషలో తనతో తాను మాట్లాడుకోలేకపోయింది. రెండేళ్లకే, 1968లో, సెంబెన్ ‘మండాబి’ని సెనెగల్ జనం మాట్లాడే వోలోఫ్ భాషలో తీశాడు. ఫ్రెంచి డబ్బుతోనే తీశాడు కాబట్టి ఫ్రెంచి వెర్షన్ కూడా తీయాల్సి వచ్చింది. అయినా ఆఫ్రికా భాషలో వచ్చిన మొదటి పూర్తి నిడివి సినిమాగా నిలిచింది వోలోఫ్ వెర్షనే.

సెంబెన్‌ది ఉపన్యాసమనీ, మాంబెటిది కళ అనీ అనేవాళ్లకు నేను ముందు ‘మండాబి’నే చూడమంటాను. పారిస్‌లో వీధులూడ్చే మేనల్లుడు 25,000 ఫ్రాంకుల మనీ ఆర్డర్ పంపుతాడు. ఇబ్రహీమా దియెంగ్‌కు దాన్ని తీసుకోవాలంటే గుర్తింపు కార్డు కావాలి. కార్డుకు పుట్టిన సర్టిఫికెట్ కావాలి, ఫోటో కావాలి, స్టాంపు కావాలి. ఈలోగా డబ్బొచ్చిందని ఊరంతా అప్పుకు ఎగబడుతుంది. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగిన ఎవరికైనా నవ్వూ కోపమూ కలిసే వస్తాయి. ఇందులో ఉపన్యాసం ఎక్కడుంది?

మాంబెటి వేరే రకం. 1945లో డాకర్ దగ్గర కొలోబాన్‌లో పుట్టాడు. నాటకాల్లో నటించేవాడు, డాకర్ జాతీయ థియేటర్ నుంచి బయటికి పంపేశారు. సినిమా ఎక్కడా నేర్చుకోలేదు. 28 ఏళ్ల వయసులో ‘టూకి బూకి’ తీశాడు. మోటార్ సైకిల్ హ్యాండిల్‌కు ఎద్దు కొమ్ముల పుర్రె కట్టుకుని తిరిగే మోరీ, ఆంటా అనే అతని ప్రియురాలు, పారిస్ ఓడెక్కాలన్న ఇద్దరి కల. కథ వరసగా నడవదు. కబేళాలో పశువు గొంతు తెగుతున్న దృశ్యం, గాయని జోసెఫిన్ బేకర్ పాట, సముద్రం ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఇలా కోయవచ్చని, ఇలా అతకవచ్చని ఎవరూ నేర్పకుండానే ఆయనకు తెలుసు. ఈ విషయంలో సెంబెన్ ఆయన దరిదాపుల్లోకి రాడు, నిస్సంకోచంగా ఒప్పుకుంటాను.

కానీ ఆ తర్వాత? రెండో పూర్తి నిడివి సినిమా ‘హైయెనాస్’ 1992లో గానీ రాలేదు. దాదాపు ఇరవై ఏళ్ల గ్యాప్. ఆ తర్వాత మామూలు జనం మీద మూడు చిన్న సినిమాలు తీయాలనుకున్నాడు. మొదటిది ‘ల ఫ్రాంక్’, 1994లో సెనెగల్ కరెన్సీ సీఎఫ్ఏ ఫ్రాంకు విలువ సగానికి పడిపోయిన నాటి కథ. అద్దె కట్టలేని వాద్యకారుడు లాటరీ టికెట్‌ను భద్రంగా తలుపుకు అతికిస్తాడు. టికెట్ గెలుస్తుంది, కానీ అది ఊడిరాదు. తలుపునే ఊడదీసి ఊరంతా మోసుకుపోతాడు. రెండోది, చంక కర్రల మీద నడుస్తూ పేపర్లు అమ్మే సిలీ అనే పిల్ల కథ, మాంబెటి పోయాక విడుదలైంది. మూడోది రానేలేదు. 1998లో, 53 ఏళ్లకే, క్యాన్సర్‌తో పారిస్‌లో చనిపోయాడు.

సెంబెన్‌కు మాత్రం ఏం పూలబాటా? 1975 నాటి ‘ఖాలా’కు సెన్సార్ కత్తెర పడింది. 1977 నాటి ‘సెడ్డో’ను అధ్యక్షుడు సెంగోర్ ప్రభుత్వం నిషేధించింది, టైటిల్ స్పెల్లింగ్ తప్పన్నది పైకి చెప్పిన సాకు. ఆ తర్వాత ‘కాం ద తియారోయ్’ వచ్చేసరికి పదకొండేళ్లు పట్టింది. ఫ్రెంచివాళ్లతో పోరాడిన రాజు సమోరీ తూరే మీద తీయాలనుకున్న పెద్ద సినిమా చివరికీ తీయలేకపోయాడు. అయినా లెక్క చూస్తే తొమ్మిది పూర్తి నిడివి సినిమాలు. రీళ్లు పట్టుకుని ఊళ్లు తిరిగాడు, చూపించాక జనంతో కూర్చుని వాదించాడు. ‘మూలాదే’ 2004లో కాన్ చిత్రోత్సవంలో అవార్డు గెలిచేనాటికి ఆయనకు 81. ఆడపిల్లల మర్మాంగాలు కోసే ఆచారానికి ఒక తల్లి అడ్డం నిలబడుతుంది. వాకిలికి అడ్డంగా, శరణు ఇచ్చినట్టు గుర్తుగా, రంగు తాడు కడుతుంది, అంతే, దాన్ని దాటే ధైర్యం ఊళ్లో ఎవరికీ ఉండదు. మగవాళ్లు ఆడవాళ్ల రేడియోలన్నీ లాక్కుని మసీదు ముందు కుప్పపోసి తగలబెడతారు. ఆ వయసులో అంత పట్టుదలతో పల్లెలో షూటింగ్ చేయడం మాటలు కాదు.

నా ఓటు సెంబెన్‌కు పడేది ఇక్కడే. మాంబెటి సినిమా మాంబెటిలాంటి వాడికే సాధ్యం, దాన్ని పట్టుకుని ఇంకొకడు నడవలేడు. సెంబెన్ దారిలో నలుగురు నడవవచ్చు. తన జనం భాష ఎంచుకోవడం, చిన్న కథతో మొదలుపెట్టడం, సర్కారు అడ్డుపడినా మళ్లీ కెమెరా పట్టడం నేర్చుకుంటే వచ్చేవే. అయితే మాంబెటి వెనక ఎవరూ మిగల్లేదనుకోకండి. ఆయన తమ్ముడి కూతురు మాటీ డియోప్ 2019లో ‘అట్లాంటిక్’తో కాన్‌లో గ్రాండ్ ప్రి గెలిచింది, 2024లో ‘దహోమీ’తో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ అందుకుంది.

కొత్తగా చూసేవాళ్లు ‘బోరోమ్ సారెట్’, ‘మండాబి’, ‘టూకి బూకి’, ‘ల ఫ్రాంక్’ ఈ వరసలో చూడండి. ‘టూకి బూకి’ మొదటిసారి అర్థం కాకపోతే టెన్షన్ పడకండి, వారం ఆగి మళ్లీ పెట్టండి.