'ఎల్లోఫేస్': దొంగ నోటితో చెప్పించిన కథ

జూన్ హేవర్డ్ మాట ఏదీ నమ్మకుండా చదవాల్సిన నవల ఇది. ఆర్. ఎఫ్. కువాంగ్ రాసిన 'ఎల్లోఫేస్' 2023లో వచ్చింది. కథంతా జూన్ మన పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. అసూయ, స్వార్థం, తనమీద తనకే జాలి, ఇవన్నీ ఉన్న మనిషి. అయినా కొన్ని అధ్యాయాలు గడిచేసరికి ఆమె పట్టుబడకుండా ఉంటే బాగుండునని మనకే అనిపిస్తుంది. రచయిత్రి పనితనమంతా అక్కడే ఉంది.

వాషింగ్టన్‌లో ఒక రాత్రి, పేరుమోసిన రచయిత్రి అథీనా లియు గొంతుకు పాన్‌కేక్ ముక్క అడ్డుపడి చనిపోతుంది. పక్కనే ఉన్న స్నేహితురాలు జూన్, పేరు రాని తెల్లజాతి రచయిత్రి, అథీనా ఇంకా అచ్చువేయని నవల రాతప్రతిని ఇంటికి తెచ్చుకుని, దిద్ది, తన పేరుతో అచ్చువేయిస్తుంది. అథీనా టైప్‌రైటర్ మీద రాసేది, కాబట్టి ఆ ప్రతికి కంప్యూటర్‌లో నకలు లేదు. ఈ చిన్న వివరాన్ని గుర్తుపెట్టుకోండి, దొంగతనం మొత్తం దానిమీదే నిలబడింది.

జూన్ సమర్థింపులు మెట్టుమెట్టుగా మారతాయి. మొదట స్నేహితురాలి పని పూర్తిచేస్తున్నానంటుంది. తర్వాత ఇద్దరి కష్టమూ ఉందంటుంది. చివరికి పుస్తకం తనదే. శ్రీహర్షుడి సంస్కృత నైషధాన్ని శ్రీనాథుడు తెలుగు చేసిన శృంగారనైషధం చూసి పండితులు 'నీ డుమువులు నువ్వు తీసుకుని మా నైషధం మాకిచ్చెయ్' అన్నారని మనవాళ్ళు చెప్పుకుంటారు. డుమువులంటే సంస్కృత మాటల చివర తెలుగులో చేర్చే డు, ము, వు, లు. కానీ శ్రీనాథుడు శ్రీహర్షుడి పేరు దాచలేదు. జూన్ తాను చేర్చిన డుమువులు లెక్కపెట్టి చూపించి, నైషధమే నాదంటుంది. కావ్యరచన గురించి సంస్కృతంలో రాసిన కావ్యమీమాంసలో రాజశేఖరుడు భావం అదే ఉంచి మాటలు మార్చడాన్ని ప్రతిబింబకల్పమన్నాడు, అది కూడదన్నాడు. కొంత మెరుగుపెట్టి వేరే వస్తువులా కనిపించేలా చేస్తే ఆలేఖ్యప్రఖ్యం. జూన్ వాదన అంతా తనది ఈ రెండోదేనని.

దొంగిలించిన నవల మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్స్ తీసుకెళ్ళిన సుమారు 1,40,000 మంది చైనా కూలీల గురించి. చెన్నైలో ఉండే తెలుగు పాఠకుడికి ఇది దూరపు సంగతేం కాదు. 1860లో ఈ రేవు నుంచే ట్రూరో ఓడ మనవాళ్ళను దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరుకు తోటలకు కూలీలుగా తీసుకెళ్ళింది. ఆ కథ ఎవరు రాయాలి, ఎవరి పేరుతో అమ్ముడుపోవాలి అన్న ప్రశ్న మనకూ తగులుతుంది. ప్రచురణకర్తలు జూన్ పేరును 'జూనిపర్ సాంగ్'గా మార్చి, చైనా మనిషేమో అనిపించేలా అచ్చువేసే ఘట్టం నవల మొత్తంలో పదునైనది. అబద్ధం ఎవరూ చెప్పరు. పాఠకుడే పొరబడేలా ఏర్పాటు చేస్తారు.

లోపాలున్నాయి. ట్విట్టర్ గొడవలు ఒకే తీరులో మళ్ళీ మళ్ళీ వచ్చి మధ్యభాగాన్ని సాగదీశాయి. చివరి మూడోవంతులో అథీనా దెయ్యమై వచ్చిందేమోనన్న భయం పెరిగి, ప్రచురణ రంగం మీద విమర్శ పలచబడింది. అథీనా మనకు జూన్ కళ్ళతోనే కనిపిస్తుంది. ఆమె కూడా ఇతరుల బాధలను కథలకు వాడుకుందన్న ఆరోపణ ఎంత నిజమో తేల్చుకోలేం. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన ముడి.

చదివేటప్పుడు నోటుపుస్తకంలో రెండు వరుసలు గీయండి: జూన్ చేసిన పని ఒకవైపు, చెప్పిన కారణం ఇంకోవైపు. అవి ఎక్కడ పొసగలేదో అక్కడ ఆగి, వెనక్కి వెళ్ళి మొదటి అధ్యాయం మళ్ళీ చదవండి. చావు దృశ్యంలో ఆమె వేటిని గబగబా దాటేసిందో అప్పుడు తెలుస్తుంది. ఇంగ్లీషు తేలిక, మూడు వందల పైచిలుకు పేజీలు నాలుగైదు రోజుల్లో అయిపోతాయి.

కొనేవాళ్ళు మౌంట్ రోడ్డు హిగిన్‌బాథమ్స్‌లో అడగండి. పేవ్‌మెంట్ మీద మరీ చవగ్గా దొరికితే లోపల తిరగేసి చూడండి. అక్షరాలు అలుక్కుపోయి, అంచులు వంకరగా ఉండి, కాగితం అవతలి పేజీ కనిపించేంత పలచగా ఉంటే అది దొంగ అచ్చు. ఈ పుస్తకాన్నైనా అలా కొనకండి, రచయిత్రికి అందాల్సింది అందనివ్వండి.