పదో తరగతి బ్యాచ్‌తో అరకు: కాటేజీలొద్దు, హాలు చూడండి

మా ఆరుగురు పదో తరగతి స్నేహితులకు అరకులో రాత్రికి 4,500 రూపాయల చొప్పున మూడు కాటేజీలు, మొత్తం 13,500. అంత పోసినా ఆరుగురు ఒకచోట కూర్చునే దిక్కు లేదు. కాటేజీలు కొండవాలున తలో మూలా ఉన్నాయి, ఒక్కో వరండాలో రెండే కుర్చీలు. గదుల్లోవి బయటికి తెచ్చుకుంటామంటే కుదరదన్నారు. క్యాంప్‌ఫైర్‌కి విడిగా 1,500 తీసుకుని పచ్చి కట్టెలు పేర్చారు. మంట తక్కువ, పొగ ఎక్కువ. పది కొట్టగానే వాచ్‌మన్ వచ్చి, "పక్కన ఫ్యామిలీలున్నాయి సార్, ఇక లేవండి" అన్నాడు. పాపం, అతనేం చేస్తాడు, మేనేజరు పెట్టిన రూలు. కానీ ముప్పై ఏళ్లకు కలిసినవాళ్లకు అసలు మాటలు మొదలయ్యేదే పది దాటాక. అప్పటిదాకా నడిచేవి పిల్లల ఈఏపీసెట్ ర్యాంకులు, ఫ్లాట్ల ఈఎంఐలు, షుగర్ రీడింగులే.

ఈ రిసార్టులు కొత్త జంటల కోసం, చంటిపిల్లల కుటుంబాల కోసం కట్టినవి. బ్యాచ్‌కి కావాల్సింది ఒక పెద్ద హాలు, ఆరు మంచాలు, గురక పెట్టేవాడిని తోసెయ్యడానికి పక్కన ఒక గది. ఊరి శివార్లలో ఇల్లు మొత్తంగా అద్దెకిచ్చేవాళ్లున్నారు. మర్నాడు పొద్దున అలాంటిదొకటి చూశాం: హాలు, రెండు గదులు, ముందు సిమెంటు అరుగు, రాత్రికి 6,000. చూశాక మాలో ముగ్గురు కాసేపు మాట్లాడనే లేదు.

అడ్వాన్సు పంపేముందు ఫోన్లో ఇవి అడగండి. రాత్రి ఎన్నింటిదాకా బయట కూర్చోనిస్తారు? బయటి తిండి రానిస్తారా? వేడినీళ్లు ఏ టైములో వస్తాయి? (మాకు ఆరు నుంచి ఎనిమిదిలోపే, అదీ మనిషికో బకెట్టు.) వెస్టర్న్ కమోడ్లెన్ని? మోకాళ్లు అరిగిన వయసులో చివరి ప్రశ్న చిన్నదేం కాదు. ఫొటోలు నమ్మొద్దు, వీడియో కాల్‌లో వరండా చూపించమనండి.

వెళ్లేటప్పుడు మాత్రం రైలే. పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలెక్కితే సుమారు నాలుగు గంటల్లో అరకు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. మొత్తం 58 సొరంగాలంటారు. అద్దాల విస్టాడోమ్ పెట్టె కోసం అందరూ ఎగబడతారు గానీ స్నేహితులకు అది దండగ. ఖరీదెక్కువ, కిటికీ తెరుచుకోదు, కుర్చీ తిప్పుకుని ఎవడి కొండ వాడు చూసుకోవడమే. మామూలు పెట్టెలో ఎదురెదురు బెంచీలే మేలు. సొరంగం రాగానే అరవడంలో పిల్లలకూ నలభై అయిదేళ్లవాళ్లకూ తేడా ఏం ఉండదు.

బొర్రా గుహలు సరేగానీ మెట్లు తడిగా ఉంటాయి, చెప్పులు కాదు, పట్టున్న బూట్లు వేసుకోండి. పద్మాపురం గార్డెన్స్‌కి గంట చాలు.

ఇక బొంగు చికెన్. అరకు వెళ్లినందుకు దక్కిన నిజమైన సుఖం అదొక్కటే. రోడ్డు పక్కన పొయ్యి మీద వరసగా ఆనించిన బొంగుల్లో ముందే కాల్చి పెట్టినవి తీసుకోవద్దు. మళ్లీ వేడి చేస్తే ముక్క పీచవుతుంది. పచ్చి బొంగు ఎదురుగా కోయించి, మసాలా పట్టించిన ముక్కలు కూరించి, మూతికి ఆకులు కుక్కించండి. నూనె, నీళ్లు వెయ్యరు. పచ్చి బొంగులోని తడే ముక్కను ఉడికిస్తుంది. తిప్పుతూ కాలిస్తే ముప్పావు గంట. మాడిన బొంగు చీల్చగానే వచ్చే ఆవిరిలో వెదురు వాసన, అల్లం వాసన కలిసి ఉంటాయి. మాకు కిలో 600 పడింది, ఇద్దరు ముగ్గురికి సరి. అక్కడే తినేయండి. పార్శిల్ కట్టించుకుంటే మా రిసార్టు గేటు దగ్గర ఆపేశారు. రెస్టారెంట్లో మాత్రం చల్లారిన చపాతీలు సిద్ధంగా ఉన్నాయి!

నెల కూడా చూసుకోవాలి. పసుపుపచ్చని వలిసె పూల కోసం నవంబర్, డిసెంబర్ అంటారు గానీ అప్పుడు ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు అయ్యప్ప మాలలో ఉంటారు. వాళ్లు రారు, వచ్చినా వంటా పడకా వేరు. మార్చిలో పిల్లల పరీక్షలు. సంక్రాంతి దాటాక, ఫిబ్రవరిలో రెండో శనివారం చూసుకోండి.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో నలభై మంది వస్తామని బొటనవేలు చూపిస్తారు. 2,000 అడ్వాన్సు పంపినవాళ్లే వచ్చేవాళ్లు. బ్యాచ్‌లో కెనడావాడు ఉంటాడు, టిఫిన్ సెంటర్‌వాడూ ఉంటాడు. బడ్జెట్ ఎంతో టిఫిన్ సెంటర్‌వాడినే ముందు చెప్పమనండి. "మిగతాది నేను చూసుకుంటాలేరా" అనే మాట మంచిదే గానీ, అది విన్నవాడు మళ్లీ పిలిస్తే రాడు. మా లెక్క: బస 13,500, క్యాంప్‌ఫైర్ 1,500, దిగిరావడానికి కూడా కలిపి వ్యాన్ 8,500, తిండి 5,400, టికెట్లు 1,500. మనిషికి దాదాపు 5,070 పడింది. ఆ 6,000 ఇల్లు దొరికుంటే, క్యాంప్‌ఫైర్ 1,500 కూడా తప్పి 3,600లోపే తేలేది.

దిగేటప్పుడు అనంతగిరి మీదుగా రోడ్డు. మధ్యాహ్నం రెండుకల్లా అరకు వదలండి, చీకటి పడితే ఘాట్‌లో మంచు. మలుపులకు కడుపులో తిప్పేవాడిని డ్రైవర్ పక్కన కూర్చోబెట్టండి. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటేలోపు లెక్కలు చూసుకుని వ్యాన్‌లోనే ఫోన్‌పే చేయించుకోండి. ఇళ్లకెళ్లాక అడగడం కష్టం.