పాత డీజిల్ కారు: ఇంజిన్ మీద మెప్పు, టైమింగ్ బెల్టు మీద కోపం

మైలేజీ, డిక్కీ, ఏసీ సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. చాలా ఏళ్ళుగా నడుపుతున్న ఈ డీజిల్ కారు గురించి నాకు రాయాలని ఉన్నది ఒక్క టైమింగ్ బెల్టు గురించే. ఇంత గట్టి ఇంజిన్‌ను తయారుచేసి, దాని ప్రాణాన్ని పిస్టన్ల కదలికకు తగ్గట్టు వాల్వులు సమయానికి తెరుచుకునేలా చూసే ఒక పళ్ళ రబ్బరు బెల్టు చేతిలో పెట్టారు. ఆ బెల్టుకు కాలపరిమితి ఉందన్న మాటను అమ్మేటప్పుడు గానీ సర్వీసు చేసేటప్పుడు గానీ ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తీరు ఒక్కరిదే కాదు.

ఇంజిన్‌ను నేను ఇదివరకు చాలా పొగిడాను. భాకరాపేట ఘాట్‌లో నిండా మనుషులు, సామాను ఉన్నా ఆయాసం లేకుండా ఎక్కుతుందనీ, డీజిల్ బండి అయినా లోపల కూర్చుంటే శబ్దం పెద్దగా తెలియదనీ అడిగినవారికల్లా చెప్పాను. మొదటి మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. రెండోది మాత్రం కాస్త సవరించుకోవాలి, ఎందుకంటే ఆ నిశ్శబ్దంలో కొంత బెల్టు పుణ్యమే. ఒకప్పుడు మన రోడ్లమీద ఎక్కడ చూసినా కనిపించిన 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజిన్‌లో బెల్టు బదులు చైన్ ఉంటుంది. చైన్ సాగితే సాధారణంగా చాలా ముందునుంచే గలగలమని వినిపిస్తుంది. బెల్టు చాలాసార్లు ఏ సంకేతమూ ఇవ్వకుండానే పోతుంది.

నా బండిలో అది పలమనేరు నుంచి చిత్తూరు వస్తుండగా, మొగిలి ఘాట్ దిగి బంగారుపాళెం వైపు సాగుతున్నప్పుడు పోయింది. పేలుడు లేదు, పొగ లేదు. ముందువైపు టకటకమని రెండు మూడు దెబ్బలు వినిపించాయి, మీటర్‌లో ఎర్రదీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి, స్టీరింగ్ బరువెక్కింది. మా బండిలో పెడలు తొక్కుడును తేలిక చేసే బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ అందించే పంపు, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ చివర ఉంటుంది కాబట్టి, బెల్టు పోయి క్యామ్ ఆగితే, చక్రాలు ఇంకా తిరుగుతున్నా కొత్తగా వాక్యూమ్ పుట్టదు. బూస్టర్‌లో మిగిలినది రెండు మూడు తొక్కుళ్ళకు వస్తుంది, ఆ తర్వాత బ్రేకు పెడలు రాయిలా మారుతుంది. క్లచ్ తొక్కకపోతే చక్రాలే ఇంజిన్‌ను తిప్పి పిస్టన్లను వాల్వులకు కొట్టిస్తూ ఉంటాయి, క్లచ్ తొక్కితే ఇంజిన్ బ్రేకింగ్ పోతుంది. వాలు తగ్గిన చోట కాబట్టి క్లచ్ తొక్కి, బ్రేకును ఒకే పట్టున బలంగా నొక్కి, చివర్లో హ్యాండ్ బ్రేకు సాయంతో పక్కకు తీయగలిగాను. ఇదే ఘాట్ మధ్యలో జరిగి ఉంటే ఎలా ఉండేదో రాయడం నాకు ఇష్టం లేదు.

వెనకే వచ్చి ఆగిన ఒక లారీ డ్రైవరు సెల్ఫ్ కొట్టి చూడమన్నాడు. డీజిల్ ఇంజిన్ కంప్రెషన్‌ను, అంటే సిలిండర్లలో గాలి నొక్కుడును, ఎదిరిస్తూ ఆగి ఆగి తిరగాలి. ఇది మాత్రం నీళ్ళు లేని బోరు మోటారులా అడ్డూ ఆపూ లేకుండా గిరగిరా తిరిగింది. ఆ శబ్దం వినగానే ఆయన, "ఆపండి సార్, టైమింగ్ పోయినట్టుంది, ఇంక కొట్టొద్దండి" అన్నాడు. అంతకన్నా మంచి సలహా నాకు ఆ రోజు ఇంకెవరూ ఇవ్వలేదు.

రికవరీ బండి మీద తిరుపతికి తెచ్చి, రేణిగుంట రోడ్డులో ఒక మేస్త్రీ దగ్గర ఇంజిన్ పైభాగమైన హెడ్డు దించాక అసలు విషయం కళ్ళారా చూశాను. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపి ఉంచేదే బెల్టు. ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో వాల్వు సెకనుకు 16 సార్లకు పైగా తెరుచుకుని మూసుకుంటుంది. డీజిల్‌లో కంప్రెషన్ ఎక్కువ కాబట్టి పిస్టన్ పైకి వచ్చేసరికి హెడ్డుకూ దానికీ మధ్య మిగిలే చోటు అతి తక్కువ. క్యామ్ ఆగిన క్షణంలో ఏ వాల్వులు కిందికి దిగి ఉన్నాయో వాటిని పిస్టన్లు వచ్చి గుద్దుతాయి. నా బండిలో వాల్వులు వంగిపోయాయి, వాల్వులను నొక్కే రాకర్లు కొన్ని విరిగాయి, పిస్టన్ల తలలమీద అర్ధచంద్రాకారంలో గాట్లు పడ్డాయి. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు దక్కడం నా అదృష్టం, అందరికీ అలా దక్కవు.

బెల్టు నిజానికి తెగలేదు. క్రాంక్ పుల్లీ దగ్గర వరుసగా కొన్ని పళ్ళు లేచిపోయాయి, మిగిలిన పళ్ళ మొదళ్ళలో పగుళ్ళు కనిపించాయి. అదే బెల్టు తిప్పే వాటర్ పంపు పక్కన కూలెంట్ కారి ఎండిన మరక ఉంది. పంపు బేరింగ్ బిగుసుకుంటే భారమంతా పళ్ళమీద పడుతుందని మేస్త్రీ వివరించాడు. అందుకే బెల్టు మార్చేటప్పుడు దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్, దారిలో నడిపే ఐడ్లర్, వాటర్ పంపు కూడా మార్చాలంటారు.

నా కోపానికి అసలు కారణం ఇక్కడుంది. యజమాని పుస్తకంలో బెల్టు గడువును కిలోమీటర్లలోనూ ఏళ్ళలోనూ ఇచ్చి, ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలని రాశారు. సర్వీసు సెంటర్‌లో అడిగిన ప్రతిసారీ మీటరు చూసి "ఇంకా చాలా ఉంది సార్" అన్నారే గానీ, ఏళ్ళ లెక్క ఎవరూ తీయలేదు. తక్కువ తిరిగే బండిలోనూ రబ్బరుకు వయసు మీదపడుతుంది. మన తిరుపతి ఎండలు, ట్రాఫిక్‌లో నిలబడి నిలబడి వేడెక్కే ఇంజిన్ గది దానికి మేలు చేసేవి కావు. సకాలంలో మార్చి ఉంటే కూలీతో కలిపి సుమారు రూ.12,000తో పోయేది. హెడ్డు పని, వాల్వులు, రాకర్లు, గ్యాస్కెట్, కొత్త హెడ్ బోల్టులు, లేత్ ఖర్చు కలిపి రూ.70,000 దాటింది.

అయినా బండి అమ్మలేదు. మాకు నెలనెలా ఘాట్ రోడ్ల ప్రయాణం ఉంది, ఆ ఎక్కుడు మీద ఈ ఇంజిన్‌కు ఉన్న లాగుడు ఈ ధరలో దొరికే పెట్రోలు బండ్లలో నాకు కనబడలేదు, పైగా ఇప్పుడు హెడ్డు లోపలి భాగాలు చాలావరకు కొత్తవి. ఊళ్ళోనే తిరిగేవారికి మాత్రం ఇది కొనమని చెప్పలేను. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక చిన్న డీజిల్ కార్లు దాదాపు ఆగిపోయాయి కాబట్టి ఇప్పుడు కొనేవారికి ఎక్కువగా దొరికేది సెకండ్ హ్యాండే. అలా కొంటే, బెల్టు మార్చినట్టు తేదీతో సహా బిల్లు చూపమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని, ఆ ఖర్చును బేరంలో తగ్గించి, ఇంటికి తెచ్చుకునే ముందే బెల్టు, దానితోపాటు మార్చాల్సిన భాగాలు కలిసిన కిట్ వేయించండి.