విల్లో బుట్టా, వెదురు బుట్టా?

చైనా అల్లిక బుట్ట కొనాలన్నా, ఆ పని నేర్చుకోవాలన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే: విల్లో అనే చెట్టు సన్నటి రెమ్మలతో అల్లిందా, వెదురు బద్దలతో అల్లిందా?

పాతదనం: వెదురుదే పైచేయి. తూర్పు చైనా రాష్ట్రం జెజియాంగ్‌లోని చియెన్‌షాన్‌యాంగ్ తవ్వకాల్లో 4,000 ఏళ్లకు పైబడిన వెదురు అల్లికలు దొరికాయి. విల్లో గిన్నెల ప్రస్తావన క్రీ.పూ. 4వ శతాబ్దపు చైనా తత్వవేత్త మెన్సియస్ సంభాషణల్లో ఉంది.

ముడిసరుకు: విల్లో రెమ్మలు ఏటా కోతకొస్తాయి. వెదురు బొంగు ముదరడానికి మూడేళ్లైనా ఆగాలి.

శ్రమ: వెదురుకు కత్తిపని ఎక్కువ. చీల్చాలి, బద్దను పలచగా తీయాలి. విల్లోకి బెరడు ఒలిస్తే చాలనిపిస్తుంది కానీ, ఎండిందంటే పుటుక్కున విరుగుతుంది. అందుకే ఉత్తర చైనాలో చేటలల్లేవాళ్లు నేలమాళిగలాంటి గొయ్యి తవ్వుకుని, ఆ చెమ్మలోనే కూర్చుని నార దారంతో పుల్లలు బిగించేవారు. మన మేదరుల చేట వెదురుది, వాళ్లది విల్లోది. చెరగడం మాత్రం ఒకటే. అంత కష్టంతో తయారైన చేటను చవక సరుకుగా చూడటం నాకు నచ్చదు.

రిస్క్: వెదురుకు పురుగు భయం, విల్లోకి బూజు భయం. పొలంలో మాత్రం విల్లోదే గెలుపు. ఆన్‌హుయ్‌లోని ఫునాన్ దగ్గర హ్వాయ్ నది పొంగితే వాంగ్‌జియాబా గేట్లెత్తి పొలాల మీదికి నీళ్లు వదులుతారు. 2020 జులైలోనూ అదే చేశారు. నీళ్లు నిలిస్తే మొక్కజొన్న కుళ్లిపోతుంది, విల్లో తట్టుకుంటుంది. అక్కడి హువాంగ్‌గాంగ్ ఊరి విల్లో అల్లిక నిలబడటానికి ఇదొక పెద్ద కారణం.

సన్నటి, పట్టులాంటి నేత కావాలంటే సిచువాన్‌లోని చింగ్‌షెన్ వెదురు తీసుకోండి. బట్టలకు, పండ్లకు, రోజువారీ మోతకు విల్లో. ముంపు నేల ఉన్న రైతుకైతే విల్లోనే.