నెహ్రూ పుస్తకాలకు అమలాపురం పాత పుస్తకాల కొట్టు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

బస్టాండు దగ్గరి ఈ కొట్లో నెహ్రూ ఇంగ్లీషు రచనలు మూడు, అట్ట మీది ధరలో సగానికే ఇస్తున్నారు. ముందు కొనాల్సింది 1936లో వచ్చిన ఆత్మకథ. 1934 జూన్ నుంచి 1935 ఫిబ్రవరి దాకా, దాదాపు అంతా జైల్లోనే రాశారు. ప్రధాని కాకముందు ఆ మనిషి ఎలా ఆలోచించాడో ఇందులోనే పట్టుబడుతుంది. 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' 1944లో అహ్మద్‌నగర్ కోటలో అయిదు నెలల్లో రాసింది. గొప్పదే గానీ మొదటిసారి చదివేవాళ్లకు బరువు. 'గ్లింప్సెస్ ఆఫ్ వరల్డ్ హిస్టరీ'లో కూతురు ఇందిరకు రాసిన 196 ఉత్తరాలు ఉన్నాయి, రోజుకొకటి చొప్పున ఆరున్నర నెలల చదువు.

అసలు చిక్కంతా కోనసీమ తేమ. వీపు దగ్గర విప్పి చూడండి. దారపు కుట్టు కనిపిస్తే తీసుకోవచ్చు. వట్టి జిగురు బైండింగైతే రెండు వానాకాలాలకే కాగితాలు ఊడి చేతికొస్తాయి. సూదిమొనంత బెజ్జాలుంటే పురుగు పట్టినట్టే, ఎంత చవకైనా వద్దు, పక్క పుస్తకాలకూ పాకుతుంది. వాపసు తీసుకోరు కాబట్టి పేజీ అంకెలు అక్కడే సరిచూసుకోండి. ఆత్మకథ ప్రతి ఒకదాంట్లో వరసగా 16 పేజీల ఫారం (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన కట్ట) లేదు. ఇంటికి తెచ్చాక ఎండలో కాదు, నీడలో గాలికి ఆరబెట్టండి. ఎండకు జిగురు పెళుసెక్కుతుంది. బీరువాలో గోడకు నాలుగు వేళ్ల ఎడం వదలండి.