పోస్టుకార్డంత కాగితం, ఆరేళ్ల నీటిరంగులు

నా వాటర్‌కలర్ డబ్బా అరచేతిలో పడుతుంది. పన్నెండు హాఫ్ పాన్లు, అంటే చిన్న గట్టి రంగుబిళ్లలు ఉంటాయి, రంగులు కలుపుకునే పళ్లెం మూతలోనే ఉంటుంది. కొని ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో దాంతో పోస్టుకార్డుకి పెద్దగా మించిన బొమ్మ ఒక్కటీ వేయలేదు. "చెయ్యి తిరిగింది కదా, ఇంకా ఇంత చిన్నవేనా?" అని ఇంటికొచ్చినవాళ్లు అడుగుతుంటారు. ఆ చిన్న సైజే నాకు ఇష్టం. ఎందుకో చెబుతాను.

ముందు కాగితం సంగతి. మొదటి ఏడాది నేను రంగుల మీద డబ్బు పెట్టి, కాగితం దగ్గర పొదుపు చేశాను. మామూలు డ్రాయింగ్ పుస్తకంలో నీళ్లు తగలగానే కాగితం అప్పడంలా వంకర్లు తిరిగేది. రెండో పూత వేస్తే పైపొర నలిగి ఉండలు కట్టేది. లోపం నా చేతిలోనే ఉందనుకుని కొన్నాళ్లు మానేశాను కూడా. తర్వాత 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం, పూర్తిగా పత్తితో చేసింది, ఒక్క షీటు తెచ్చాను. అదే చెయ్యి, అవే రంగులు, బొమ్మ మాత్రం వేరేగా వచ్చింది. పత్తి కాగితం నీళ్లను లోపలికి తీసుకుని కాసేపు తడి నిలుపుతుంది, పూత మీద పూత వేసినా ఓర్చుకుంటుంది.

ఆ షీటు ఖరీదైనదే. కానీ కొలత 22 అంగుళాలు, 30 అంగుళాలు. సగానికి, మళ్లీ సగానికి, అలా ఐదుసార్లు చింపితే 32 ముక్కలొస్తాయి. ఒక్కోటి సుమారు 14 సెంటీమీటర్ల పొడవు, 9.5 వెడల్పు, అంటే మన పోస్టుకార్డుకి ఓ పిసరు ఎక్కువ. మొత్తం షీటు ముందు కూర్చుంటే టెన్షన్‌తో చెయ్యి కదలదు. ఈ ముక్క పాడైతే వెనక్కి తిప్పి ఇంకోటి వేసుకుంటాను.

ఇక అసలు ఆనందం తడిలో ఉంది. వాటర్‌కలర్‌లో కాగితం తడిగా ఉన్నంతసేపే రంగు మెత్తగా పాకుతుంది. ఆరడం మొదలైన చోట ఇంకో తడి తగిలితే అంచు గట్టిగా గీతలా మిగిలిపోతుంది. నేనుండేది హైదరాబాద్‌లో. ఏప్రిల్ మధ్యాహ్నం పెద్ద కాగితం మీద ఆకాశం మొదలుపెడితే కుడివైపు చేరేలోపు ఎడమవైపు ఆరిపోతుంది. పోస్టుకార్డు మీద కుంచెను నాలుగుసార్లు ఆడిస్తే ఆకాశం అయిపోతుంది. ఇంకా తడి మెరుస్తుండగానే కింద ఓ చుక్క అల్ట్రామెరీన్ వదిలి, అది విచ్చుకోవడం చూస్తూ కూర్చోవచ్చు. ఆ నీలం సన్నని ఇసుకలా కాగితం గుంటల్లోకి దిగుతుంది. దానికి బర్న్‌ట్ సియన్నా అనే ఎర్రమట్టి గోధుమరంగు కలిపితే బూడిద రంగు, సియన్నా పాలు పెంచితే వరద గోదారి రంగు. ఆ రెండు పాన్లు ఒక సాయంత్రానికి చాలు.

రాజమండ్రి వెళ్లినప్పుడల్లా హేవలాక్ వంతెన వేస్తాను. గోదారి మీద 1900లో రైళ్లు మొదలై, 1997లో ఆగిపోయిన పాత వంతెన. మొదట్లో స్తంభాలు లెక్కపెట్టి ఒక్కోటీ గీసేవాణ్ణి, బొమ్మలో ఊపిరి ఉండేది కాదు. ఇంత చిన్న కాగితం మీద అన్ని పట్టవు. ఒక వాన సాయంత్రం దూరం పోయేకొద్దీ పలచబడే ఆరు గీతలు పెట్టి వదిలేశాను. మా పెద్దమ్మ కళ్లజోడు కూడా పెట్టుకోకుండా "మన పాత బ్రిడ్జే కదరా!" అంది. చేతిలో పట్టేంత బొమ్మలో ఏం వదిలేయాలో కాగితమే చెబుతుంది. నాకు పాఠం చెప్పింది అదే.

డబ్బా విషయానికొస్తే, పన్నెండులో నేను నిజంగా వాడేవి ఆరు. తెలుపు పాన్ ఇప్పటికీ కొత్తగానే ఉంది, వెలుగు కావాల్సిన చోట కాగితాన్నే వదిలేస్తాను. అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురెరుపుతో మాత్రం జాగ్రత్త. కిటికీ పక్కన గోడకి పెట్టిన మందారం రెండేళ్లలో వెలిసి తెల్లబోయింది. ఆ పువ్వు పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. పాన్ చీటీ మీద రంగుపొడి కోడ్ పీఆర్ 83 అని ఉంటే అది ఎండకు ఆగని రంగు అని గుర్తుపెట్టుకోండి. బదులుగా క్వినాక్రిడోన్ అనే రంగుపొడితో చేసిన గులాబీ వాడుతున్నాను.

ఇంకో సంగతి బూజు. రంగుపొడిని తుమ్మ జాతి చెట్ల జిగురుతో కలుపుతారు, తేమ నిలవడానికి చాలా రకాల్లో తేనె గానీ గ్లిజరిన్ గానీ వేస్తారు. తడి మీదే మూత బిగిస్తే వానాకాలంలో బూజుకి అది విందు. నా రెండు పాన్లు అలా పోయాయి. ఇప్పుడు రాత్రి మూత తెరిచి ఉంచి, పొద్దున మూస్తాను. అయిపోయిన పాన్లలో ట్యూబు రంగు పిండి ఆరనిస్తే చాలు, డబ్బా మార్చే పనే లేదు.

చిన్న బొమ్మకి సన్న కుంచె కొనకండి. మొన సరిగ్గా కుదిరిన 8 నంబరు గుండ్రటి కుంచె ఒక్కటే నాకు ఆకాశానికీ, కొబ్బరాకు కొసకీ సరిపోతోంది. పిడిలో నీళ్లు నింపుకునే వాటర్ బ్రష్ రైల్లో పనికొస్తుంది గానీ, నీళ్లు ఎంత దిగుతాయో మన చేతిలో ఉండదు.

ఈసారి చింపిన షీటులో మూడు ముక్కలు మిగిలాయి. పెద్దమ్మ ఇంటి ముందు పారిజాతం రాలే రోజులివి. శుక్రవారం రాత్రి బండికి టికెట్ తీశాను.