అమలాపురంలో లైఫ్ సైన్సెస్ కోచింగ్: సార్‌కి ఐదు స్టార్లు, నోట్స్‌కి ఒకటి

సైన్స్ లెక్చరర్, రీసెర్చ్ ఫెలోషిప్ అర్హత పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్ కోసం హైదరాబాద్ వెళ్లి హాస్టల్లో పడుండే ఓపికా డబ్బూ లేక అమలాపురంలోనే చేరాను. సెంటర్ పేరు రాయడం లేదు, తిట్లు కూడా ఉన్నాయి మరి. పైన రేకుల షెడ్డు, కరెంటు పోతే ఉడికిపోతాం. ఫీజు మొత్తం ముందే కట్టించుకుంటారు, మానేస్తే పైసా వెనక్కి రాదు. అయినా చేరమనే చెబుతా, వైరాలజీ సార్ కోసం.

ఆయన హెచ్‌ఐవీ క్లాసు ఒక్కటి చాలు. ఎక్కడైనా వైరస్ బొమ్మ గీసి, వైరస్ పైనుండే జీపీ120 అనే ప్రోటీన్ వెళ్లి మన టీ కణాల (రోగనిరోధక కణాలు) మీదుండే సీడీ4 అనే రిసెప్టర్‌ని పట్టుకుంటుందని చెప్పి ముందుకెళ్లిపోతారు. ఈయన మాత్రం "ఇదంతా ఏ వైరస్ మీద కనుక్కున్నారు, పేషెంట్ ఒంట్లోదా, ఫ్లాస్కులో పెరిగిందా?" అని మొదలెట్టారు.

కణంలోకి దూరాలంటే వైరస్‌కి సీడీ4తో పాటు కణం మీదుండే ఇంకో రిసెప్టర్ (కో-రిసెప్టర్) కూడా కావాలి, సీసీఆర్5 గానీ సీఎక్స్‌సీఆర్4 గానీ. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది ఎక్కువగా సీసీఆర్5ని వాడుకునే రకం. ల్యాబ్‌లో ఏళ్ల తరబడి పెంచే టీ కణాల లైన్లలో చాలావాటి మీద సీసీఆర్5 దాదాపు ఉండదు, సీఎక్స్‌సీఆర్4 మాత్రం దండిగా ఉంటుంది. వైరస్ కాపీ చేసుకునేటప్పుడు తప్పులు దిద్దుకోదు కాబట్టి రకరకాలవి పుడుతూనే ఉంటాయి, వాటిలో సీఎక్స్‌సీఆర్4ని పట్టుకోగలిగినవే అక్కడ బతికి బట్టకడతాయి. జీపీ120లోని వీ3 లూప్ అనే భాగంలో 11 లేదా 25వ స్థానంలో ఆర్జినైనో లైసినో (రెండూ అమైనో ఆమ్లాలే) కనిపిస్తే చాలావరకు సీఎక్స్‌సీఆర్4ని పట్టుకునే రకమేనని అంచనా వేయొచ్చట. ఇది పరీక్షకి పనికొచ్చే ముక్క, రాసుకోండి.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి భాగం. ఫ్లాస్కులో యాంటీబాడీలు ఉండవు కదా, "దొంగల భయం లేని ఊళ్లో తలుపుకి గడియెందుకురా" అన్నారు. అందుకే ల్యాబ్ రకాలు యాంటీబాడీలకి ఇట్టే లొంగిపోతాయి. వైరస్ కణాన్ని వదిలి దాన్నే పట్టుకుంటుందని సీడీ4నే విడిగా మందుగా ఇద్దామని చూసినప్పుడు ల్యాబ్ రకాల మీద బ్రహ్మాండంగా పనిచేసింది, తీరా 1990లో పేషెంట్ల నుంచి తీసిన వైరస్‌ల మీద చూస్తే ఆ మందు వందల రెట్లు ఎక్కువ కావాల్సి వచ్చింది. మనమంతా రిఫరెన్స్‌గా చదివే హెచ్‌ఎక్స్‌బీ2 (ఇదీ ల్యాబ్ రకమే) జీనోమ్‌లో, అదే 9,719 అక్షరాలది, నెఫ్ జీన్ మధ్యలోనే తెగిపోయి ఉంటుంది, వీపీఆర్, వీపీయూ జీన్లు కూడా పాడైనవే. త్రీ-బీ అనే ల్యాబ్ రకం ప్రమాదవశాత్తూ ఒక ల్యాబ్ ఉద్యోగికి సోకితే, కొన్నేళ్లకి ఆ ఒంట్లో అది మళ్లీ యాంటీబాడీలకి లొంగని రకంగా తయారైందట. అది విన్నాక క్లాసులో కాసేపు ఎవరం పెన్ను కదపలేదు.

ముమ్మిడివరం అబ్బాయొకడు, వాళ్లకి రొయ్యల చెరువులున్నాయి, "మరి రొయ్యలకొచ్చే వైట్ స్పాట్ వైరస్‌ని కూడా ఇలాగే పెంచి చూడొచ్చు కదండీ" అన్నాడు. "రొయ్య కణాలు ఫ్లాస్కులో అన్నాళ్లు నిలవాలి కదయ్యా, అక్కడే చిక్కంతా" అని ఇంకో అరగంట దాని మీదే చెప్పారు. సిలబస్ వెనకబడింది, నాకైతే బాధ లేదు.

ఇక నోట్స్. ప్రింటు వేసి విడిగా అమ్ముతారు. అందులో హెచ్‌ఐవీ కో-రిసెప్టర్ అంటే సీఎక్స్‌సీఆర్4 అని ఒక్క ముక్క రాసి వదిలేశారు, సీసీఆర్5 ఊసే లేదు! సార్‌కి చూపిస్తే "అది నేను రాసింది కాదు" అన్నారు. మేనేజ్‌మెంట్‌కి చెబితే వచ్చే బ్యాచ్‌కి మారుస్తామన్నారు, కొత్త బ్యాచ్ వాళ్ల చేతుల్లోనూ అదే పుస్తకం చూశాను. కొనమని బలవంతపెడితే ఒప్పుకోకండి, తెల్ల కాగితాల పుస్తకం తెచ్చుకుని ముందు బెంచీలో కూర్చోండి, వెనక బెంచీలకి ఫ్యాను మోతలో సార్ మాట వినపడదు.